కొలకర్ర యెవరిది? — మూర మొదలు మీటరు వరకు పాయా లేబర్ నేల కొలతలు

పాయా లేబర్ అను పేరు మలాయి భాషలోనిది. ‘పాయా’ యనగా బురదనేల. ‘లేబర్’ యనగా వెడల్పు గలది. సింగపూరు ద్వీపమునకు తూర్పు భాగమందున్న యీ ప్రాంతమునకు పేరు పెట్టిన పూర్వులు దానిని గొలుసుతో కొలువలేదు. కంటితో చూచి ‘వెడల్పైనది’ అనిరి. ఎంత వెడల్పు? పేరు చెప్పదు.

తరువాతి రెండువందల యేండ్లలో ఈ ద్వీపమును ఫిరంగి గుండుతోను, భౌగోళిక మైలుతోను, మైలురాళ్ళతోను, ఇనుప గొలుసుతోను, తుదకు మీటరుతోను కొలిచిరి. కొలత మారిన ప్రతిసారియు పాత లెక్కను క్రొత్తదానిలోనికి మార్చవలసి వచ్చెను. ఆ మార్పులో తప్పు దొర్లినచో నష్టపడువాడు తరచుగా కొలకర్ర చేతిలో లేనివాడే. తోటలలో పాటుపడిన కుటుంబములకు ఈ సంగతి క్రొత్త కాదు. వారు త్రవ్విన కాలువ, నాటిన వరుస, కొనిన బట్ట, నడిచిన దారి, కాపురమున్న స్థలము అన్నియు ఒకరి కొలతకు లోబడినవే. కావున పాత కొలతలను క్రొత్తవానిలోనికి ఎట్లు మార్చవలెనో, ఆ మార్పులో గొప్ప విద్వాంసులు సయితము ఎక్కడ చిక్కుపడిరో తెలిసికొనుట ప్రయోజనకరము.

దేహమే కొలకర్ర

మనుష్యుని మొదటి కొలకర్ర అతని దేహమే. తెలుగువారు చాచిన చేతి బొటనవ్రేలి కొన నుండి చిటికెనవ్రేలి కొన వరకు జాన యనిరి. మోచేతి నుండి నడిమివ్రేలి కొన వరకు మూర యనిరి. రెండు జానలు ఒక మూర. రెండు మూరలు ఒక గజము. నాలుగు మూరలు, అనగా రెండు చేతులు బారలు చాచినంత, ఒక బార. దూరములకు కోసు, ఆమడ యను మాటలుండెను. నాలుగు కోసులు ఒక ఆమడ.

విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలముల నుండి ఓడ యెక్కి మలయాకు వచ్చిన తెలుగు కూలీలకు ఇచ్చటి కొలతలు వినుటకు వింతగాను, చూచుటకు చుట్టములుగాను తోచియుండవలెను. మలాయివారి జెంగ్కల్ మన జానయే. వారి హస్త మన మూరయే. ఆ మాట సంస్కృతమునుండి వచ్చినదే. వారి ఏలా మన గజము. వారి డెపా మన బార. రెండు జెంగ్కళ్ళు ఒక హస్త, రెండు హస్తలు ఒక ఏలా, రెండు ఏలాలు ఒక డెపా. మాటలు వేరు, చేయి ఒక్కటే. ఇంగ్లీషువారి పాలనలో ఈ కొలతలను అంగుళములతో జతపరచినప్పుడు హస్త 18 అంగుళములు, ఏలా 36 అంగుళములు, డెపా 6 అడుగులు అయ్యెను. తెలుగు సీమలో మూర, గజము, బార కూడ అట్లే స్థిరపడెను.

అయితే చేయి అందరికిని ఒక్కటి కాదు. పూలమ్మువారి మూరకును, కొనువారి మూరకును జగడము నేటికిని సంతలలో వినబడుచునే యున్నది. ఒకని మూర 17 అంగుళములు, మరియొకని మూర 19 అంగుళములు అనుకొందము. పది మూరల బట్టలో మొదటివాని కొలతకు 170 అంగుళములు, రెండవవాని కొలతకు 190 అంగుళములు వచ్చును. భేదము 20 అంగుళములు. అనగా ఒక మూర బట్టకు మించినది పోయినట్లే.

బైబిలు చదువువారు నోవహు ఓడ పొడవు 300 మూరలని యెరుగుదురు. మూరకు 18 అంగుళముల చొప్పున అది 450 అడుగులు, అనగా సుమారు 137 మీటర్లు. ఐగుప్తు రాజుల మూరయైతే సుమారు 20.6 అంగుళములు. ఆ కర్రతో లెక్కించినచో ఓడ పొడవు 515 అడుగులగును. గ్రంథమందలి సంఖ్య మారలేదు, కర్ర మారినది. అరువదియైదు అడుగుల భేదము వచ్చినది. కొలతకు రెండు భాగములున్నవి: ఒకటి సంఖ్య, రెండవది ఆ సంఖ్య యే కర్రతో వచ్చినదను సంగతి. రెండవది పోయినచో మొదటిది వ్యర్థము. ఈ వ్యాసమున చెప్పదలచిన మాట ఇదొక్కటే. సింగపూరు చరిత్ర దీనికి మంచి సాక్ష్యము.

ఫిరంగి గుండు దూరము

1819వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన సర్ స్టాంఫర్డ్ రాఫిల్స్ సింగపూరులో ఇంగ్లీషు వర్తక స్థానమును స్థాపించుటకు సుల్తాను హుసేనుతోను, తెమెంగాంగ్ అబ్దుల్ రహమానుతోను ఒడంబడిక చేసికొనెను. ఆ సంవత్సరమే జూన్ 26వ తేదీన ఇంగ్లీషువారి యధీనమందుండు నేలకు హద్దులు వ్రాసిరి. పడమట తంజోంగ్ మలాంగ్, తూర్పున తంజోంగ్ కాటోంగ్, లోపలి వైపున వర్తక స్థానము చుట్టును ఫిరంగి గుండు పోవునంత దూరము అని నిర్ణయించిరి. తంజోంగ్ కాటోంగ్ అను పేరు గల రహదారి నేటికిని పాయా లేబరునకు దక్షిణమున నున్నది.

ఫిరంగి గుండు ఎంత దూరము పోవును? మందు ఎక్కువైన ఎక్కువ, తక్కువైన తక్కువ. ఫిరంగి ఎత్తి పట్టిన కోణమునుబట్టియు మారును. యూరపు న్యాయవేత్తలు తీరపు సముద్రముపై ఏలుబడిని చాలకాలము ఈ గుండు దూరముతోనే చెప్పుచుండిరి. 1782లో ఇటలీ దేశపు గలియానీ యను పండితుడు దాని బదులు మూడు సముద్రపు మైళ్ళు అని స్థిరముగా పెట్టుకొనుట మేలని వ్రాసెను. గుండును మైలులోనికి మార్చుట యనగా, మాటిమాటికి మారు కర్రను మారని కర్రగా చేయుటయే.

ఐదేండ్లకే సింగపూరు హద్దు కూడ మారెను. 1824వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన జాన్ క్రాఫర్డ్ చేసిన ఒడంబడికలో సింగపూరు ద్వీపమంతయు, దాని తీరమునుండి పది భౌగోళిక మైళ్ళ వరకు నున్న సముద్రములు, జలసంధులు, చిన్న ద్వీపములు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇయ్యబడెను. ఇక్కడ ‘భౌగోళిక’ అను మాట అలంకారము కాదు. నేలమీది మైలు 5,280 అడుగులు. భౌగోళిక మైలు అట్టిది కాదు. భూమధ్యరేఖను 360 భాగములు చేసి, ఒక్కొక్క భాగమును మరల 60 చేసినచో వచ్చు పొడవు అది. అది సుమారు 6,087 అడుగులు, అనగా 1,855 మీటర్లు. పది సాధారణ మైళ్ళు 16.09 కిలోమీటర్లు, పది భౌగోళిక మైళ్ళు 18.55 కిలోమీటర్లు. ఒడంబడికలోని ఒక్క మాటను చదువరి విడిచిపెట్టినచో ద్వీపము చుట్టు దాదాపు రెండున్నర కిలోమీటర్ల సముద్రము లెక్కలోనుండి జారిపోవును.

ఈ పాత మాట మరచిపోవుటకు వీలు లేకపోయెను. సింగపూరునకు తూర్పున సుమారు 24 సముద్రపు మైళ్ళ దూరమున పెడ్రా బ్రాంకా యను చిన్న రాతి దీవి యున్నది. దానిపై హార్స్‌బర్గ్ దీపస్తంభమును ప్రభుత్వ సర్వేయరు జాన్ టర్న్‌బుల్ థామ్సన్ 1850, 1851 సంవత్సరములలో కట్టించెను. ఆ దీవి యెవరిదని మలేషియా, సింగపూరు ప్రభుత్వములు అంతర్జాతీయ న్యాయస్థానమున వాదించినప్పుడు 1824 నాటి ఒడంబడిక కూడ విచారణకు వచ్చెను. దీవి పది మైళ్ళ హద్దుకు ఎంతో వెలుపల నున్నందున ఆ ఒడంబడిక దానిని తాకలేదు. ఇతర కారణములచే 2008వ సంవత్సరము మే 23వ తేదీన న్యాయస్థానము పెడ్రా బ్రాంకా సింగపూరుదని తీర్పు చెప్పెను. నూట యెనుబది నాలుగేండ్ల పిదప కూడ పాత కొలత న్యాయస్థానపు బల్లమీదికి వచ్చుట గమనింపదగినది.

రాళ్ళు, గొలుసులు

హద్దులు కాగితముపై నిలిచిన తరువాత దారులు వేయవలసి వచ్చెను. 1825లో బెంకూలెను నుండి హిందూదేశపు ఖైదీలను సింగపూరునకు తెచ్చిరి. వారిలో మద్రాసు రాజధానివారును, బెంగాలు రాజధానివారును ఉండిరి. 1873లో ఖైదీల నివాసము ఎత్తివేయబడు వరకు ఈ ద్వీపపు దారులలోను, కట్టడములలోను వారి చెమట చాల ఇంకినది. దారుల ప్రక్క మైలురాళ్ళు పాతిరి. దూరములను పట్టణమందలి ప్రధాన తపాలా కార్యాలయమునుండి లెక్కించిరి. 1928లో కట్టడము పూర్తియైన ఫుల్లర్టన్ భవనము ఆ కార్యాలయమునకు నిలయమాయెను.

మలాయి భాషలో ‘బాటు’ అనగా రాయి. మైలునకు కూడ వారు ఆ మాటయే వాడిరి. తెలుగువారు మైలురాయి యన్నట్లే వారికి రాయియే మైలు. ఊళ్ళకును అవే పేర్లయ్యెను. పాయా లేబరును ఆనుకొనియున్న ఎగువ సెరంగూన్ దారిలోని కోవాన్ ప్రాంతమును చీనావారు ‘లాక్ కోక్ జియో’ యనిరి. ఆరవ రాయి యని యర్థము. తపాలా కార్యాలయమునుండి ఆరు మైళ్ళు, అనగా 9.66 కిలోమీటర్లు. రాళ్ళు పోయినను ఆ పేరు వృద్ధుల నోట చాలకాలము నిలిచెను.

తోటల నేలను రాళ్ళతో కొలువ వీలు లేదు. అందులకు గొలుసు కావలెను. ఇంగ్లండునందు ఎడ్మండ్ గంటర్ అను గణితజ్ఞుడు 1620లో వాడుకలోనికి తెచ్చిన గొలుసు పొడవు 66 అడుగులు. అందు 100 లింకులు; ఒక్కొక్క లింకు 7.92 అంగుళములు. ఈ విచిత్రమైన సంఖ్యలో ఒక తెలివి యున్నది. పది గొలుసులు ఒక ఫర్లాంగు, ఎనుబది గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు సరిగా ఒక ఎకరము. కావున సర్వేయరు భాగహారముతో బాధపడక, చుక్క జరిపి ఎకరములను తెలిసికొనగలిగెను.

అయితే మరియొక గొలుసు కూడ ఉండెను. ఇంజనీర్లు వాడు ఆ గొలుసు పొడవు 100 అడుగులు. రెండింటికిని పేరు గొలుసే. పది గొలుసుల కాలువ త్రవ్వుటకు ఒక కూలీ ఒప్పుకొనెను అనుకొందము. గంటర్ గొలుసైతే 660 అడుగులు. ఇంజనీరు గొలుసైతే 1,000 అడుగులు. ఒక్క మాటకు అర్థము అడుగకపోయినచో 340 అడుగుల త్రవ్వకము కూలి లేక పోవును. అంతేగాక, గొలుసు చాలకాలము ఈడ్వబడిన పిదప కడియములు అరిగి సాగును. సాగిన గొలుసు 66 అడుగులని పలుకును గాని నేలమీద అంతకు మించి పరచుకొనును. కావున మంచి సర్వేయరు అప్పుడప్పుడు గొలుసును స్థిరమైన గుర్తులతో సరిచూచుకొనవలసి యుండెను.

నేల వైశాల్యములోను ఇట్టి ఉచ్చే యున్నది. పినాంగు ప్రాంతపు ఓర్లాంగు 400 జెంబాలు. జెంబా 12 అడుగుల చదరము, అనగా 144 చదరపు అడుగులు. ఓర్లాంగు మొత్తము 57,600 చదరపు అడుగులు. ఎకరము 43,560 చదరపు అడుగులు గనుక ఓర్లాంగు సుమారు 1.32 ఎకరములు. కెడా ప్రాంతపు రెలోంగు 30,976 చదరపు అడుగులే, అనగా సుమారు 0.71 ఎకరము. రెండు పేర్లును చెవికి దగ్గరివి. రెండు నేలలును దగ్గరివి కావు.

చెన్నపట్నమునుండి వచ్చిన సంఖ్య

ఇప్పుడు కథ సముద్రము దాటి చెన్నపట్నమునకు పోవలెను. సింగపూరు, మలయా పటములకు ఆధారమైన ఒక సంఖ్య అక్కడ ఆరంభమైన పనిలోనుండి వచ్చినది.

1802వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ దొర చెన్నపట్నమునొద్ద సెయింట్ థామస్ కొండ సమీపమున ఒక సరళరేఖను కొలుచుటకు ప్రారంభించెను. హిందూదేశపు మహా త్రిభుజ సర్వేకు ఇదియే ఆరంభము. ఆ రేఖ పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు. కొలుచుటకు 57 దినములు పట్టెను. వాడిన ఉక్కు గొలుసు పొడవు 100 అడుగులు. లండనులో రామ్స్‌డెన్ అను పనివాడు దానిని చేసెను. మకార్ట్నీ ప్రభువు రాయబారముతో అది చీనా చక్రవర్తికి కానుకగా పోయెను. చక్రవర్తి కైకొనకపోగా హిందూదేశమునకు చేరెను.

ఎండకు ఉక్కు సాగును. ఉష్ణమానము పది ఫారన్‌హీట్ డిగ్రీలు హెచ్చినచో 100 అడుగుల ఉక్కు గొలుసు అంగుళములో పదమూడవ వంతు పెరుగును. అది అల్పముగా కనబడును గాని, గొలుసును నాలుగువందల సార్లు పరచినప్పుడు రెండున్నర అడుగుల తప్పగును. అందుచేత లాంబ్టన్ గొలుసును పెట్టెలలో నీడన పరచి, ఉష్ణమాపకములు ప్రక్కన నుంచి, వేడిమిని వ్రాసికొని లెక్క సవరించెను. ఒకే గొలుసు ఉదయము ఒక పొడవు, మధ్యాహ్నము ఒక పొడవు అని తెలిసి పనిచేయుటయే అతని గొప్పతనము.

ఆ రేఖమీద త్రిభుజములు కట్టుచు సర్వే ఉత్తరమునకు సాగెను. 1815లో నిజాము రాజ్యమందలి బీదరునొద్ద మరియొక ఆధారరేఖను కొలిచిరి. 1818లో జార్జి ఎవరెస్టు లాంబ్టనునకు సహాయకుడుగా వచ్చెను. మరుసటి యేట కృష్ణా గోదావరీ నదుల మధ్య తెలుగు అడవులలో పని చేయుచుండగా అతనికిని అతని పరివారమునకును విషజ్వరము సోకెను. కొందరు మరణించిరి. ఎవరెస్టు ఆరోగ్యము కొరకు 1820లో దక్షిణాఫ్రికాకు వెళ్ళవలసి వచ్చెను. జెండాలు పట్టినవారు, గొలుసు మోసినవారు, చెట్లు కొట్టి దారి తీసినవారు దేశపు కూలీలు, ఖలాసీలు. దొరల పేర్లు పుస్తకములలో నిలిచెను. వీరి చేతిపని సంఖ్యలలో నిలిచెను. లాంబ్టన్ 1823వ సంవత్సరము జనవరి 20వ తేదీన హింగన్‌ఘాట్‌లో మరణించెను. తరువాత ఎవరెస్టు బీదరు సమీపమందలి దామరగిద్ద మొదలుకొని ఉత్తరముగా పనిని సాగించి, 1830లో తన గ్రంథమును ప్రకటించెను.

ఆ కొలతలనుండి భూగోళపు ఆకారమును లెక్కించిరి. భూమధ్యరేఖ యొద్ద భూమి అర్ధవ్యాసము 20,922,931.80 అడుగులని తేలెను. హిందూదేశము, బర్మా, మలయా దేశముల పటములు ఈ సంఖ్యను ఆధారముగా గైకొనెను. సింగపూరు పటములు కూడ పహాంగులోని కెర్టావ్ అను కొండ మూలస్థానముగా, ఎవరెస్టు భూగోళము ఆధారముగా గీయబడెను.

ఒక సంఖ్య, మూడు ఉత్తరములు

అడుగులలోనున్న ఈ సంఖ్యను మీటర్లలోనికి మార్చవలసి వచ్చినప్పుడు చిక్కు వచ్చెను.

మీటరు ఫ్రెంచివారిది. ఉత్తర ధ్రువమునుండి భూమధ్యరేఖ వరకు గల దూరములో కోటియవ వంతు మీటరుగా నుండవలెనని సంకల్పించి, 1799లో ప్లాటినపు బద్దను చేసిరి. అడుగు ఇంగ్లీషువారిది, అదియు ఒక లోహపు బద్దయే. ఈ రెండు బద్దలను ప్రక్కప్రక్కన నుంచి సరిచూచిన ప్రతిసారియు కొంచెము వేరు ఉత్తరము వచ్చెను. 1818లో కేటర్ లెక్కకు మీటరు 39.37079 అంగుళములు. 1866లో క్లార్క్ లెక్కకు 39.370432. 1895లో బెన్వా లెక్కకు 39.370113. 1922లో సియర్స్ లెక్కకు 39.370147.

దీనికి తోడు హిందూదేశపు సర్వేవారి అడుగు ఇంగ్లండు అడుగుతో సరిగా సమానము కాదు. సర్వేకు ప్రమాణమైన పది అడుగుల ఇనుప బద్దను క్లార్క్ ఇంగ్లండులో సరిచూడగా, హిందూదేశపు అడుగు ఇంగ్లండు అడుగులో 0.99999566 వంతని తేలెను. పది లక్షల అడుగులకు నాలుగు అడుగుల కొంచెము మించిన కొరత.

ఫలితమేమనగా, 20,922,931.80 అను ఒకే సంఖ్య మూడు దేశములలో మూడు రూపములు దాల్చెను. హిందూదేశమువారు తమ అడుగు కొరతను లెక్కలోనికి తీసికొని 6,377,276.345 మీటర్లు అనిరి. మలయా, సింగపూరు పటములవారు దానిని ఇంగ్లండు అడుగుగా ఎంచి, బెన్వా లెక్కతో 6,377,304.063 మీటర్లు అనిరి. సబా, సరవాకు, బ్రూనై పటములవారు సియర్స్ లెక్కతో 6,377,298.556 మీటర్లు అనిరి. మొదటి రెండింటికి భేదము 27.718 మీటర్లు. ఎవరును కూడికలో తప్పు చేయలేదు. అందరి గుణకారమును సరియైనదే. అడుగు యెవరిదని అడిగినప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క ఉత్తరమిచ్చిరి, అంతే.

ఈ భేదము ఇంటి స్థలమునకు బాధ కలిగించునా? మైలునకు ఏడు మిల్లీమీటర్లు మాత్రమే, వేలి గోరంత. కాని నూరు కిలోమీటర్లకు 43 సెంటీమీటర్లు, అనగా దాదాపు ఒక మూర. రెండు దేశముల పటములను అంచు కలిపి అతికించువానికి ఆ మూర కనబడును. ఒక పటపు లెక్కలను ఏ అడుగుతో మార్చిరో వ్రాసిపెట్టనిచో తరువాతివాడు ఆ తప్పును వెదకి పట్టుకొనుట మిక్కిలి కష్టము.

మీటరు రాజ్యము

ఈ గందరగోళమును తీర్చుటకు 1959వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి ఇంగ్లీషు మాటలాడు ముఖ్య దేశములు గజము సరిగా 0.9144 మీటరని ఒప్పుకొనెను. అప్పటినుండి అడుగు 0.3048 మీటరు, అంగుళము 2.54 సెంటీమీటర్లు, చుక్క తరువాత దాగిన అంకెలు లేవు. మీటరు కూడ బద్దను విడిచెను. 1983నుండి కాంతి శూన్యములో సెకనులో 299,792,458వ వంతు కాలమున పోవు దూరమే మీటరు. అది ఎండకు సాగదు, అరుగదు, ఎవరి చేతిని బట్టియు మారదు.

హిందూదేశము 1956లో చట్టము చేసి మెట్రిక్ కొలతలకు మారెను. సింగపూరు ప్రభుత్వము 1970లో అట్లే నిశ్చయించి, ఆ పనికై ఒక మండలిని నియమించెను. మైళ్ళు కిలోమీటర్లయ్యెను, మైలురాళ్ళు దారులనుండి తొలగెను. 2004లో సింగపూరు తన సర్వే లెక్కలకు క్రొత్త పద్ధతిని తెచ్చి ఎవరెస్టు భూగోళమును విడిచెను. క్రొత్త లెక్కలో భూమధ్యరేఖ యొద్ద అర్ధవ్యాసము 6,378,137 మీటర్లు. ఎవరెస్టు సంఖ్యకంటె దాదాపు 833 మీటర్లు హెచ్చు.

పాయా లేబర్ దగ్గరి గేలాంగ్ సెరాయిలో నిమ్మగడ్డి తోటలు పోయి ‘సెరాయి’ యను పేరు మాత్రము మిగిలెను. కొలతల సంగతియు అట్లే. పాత పట్టాలు, ఒడంబడికలు, పెద్దల మాటలు ఇంకను పాత కర్రలతోనే మాటలాడుచున్నవి.

మార్చు విధము

పాత కొలత చేతికి వచ్చినప్పుడు గుణించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఏ దేశపు, ఏ వృత్తివారి కొలత? ఏ కాలపుది? పొడవా, వైశాల్యమా? వీనికి ఉత్తరము దొరకిన పిదపనే ఈ క్రింది లెక్కలు పనికివచ్చును.

జాన, జెంగ్కల్: 9 అంగుళములు, 22.86 సెంటీమీటర్లు.
మూర, హస్త: 18 అంగుళములు, 45.72 సెంటీమీటర్లు.
గజము, ఏలా: 36 అంగుళములు, 91.44 సెంటీమీటర్లు.
బార, డెపా: 6 అడుగులు, 1.8288 మీటర్లు.
గంటర్ గొలుసు: 66 అడుగులు, 20.1168 మీటర్లు.
ఇంజనీరు గొలుసు: 100 అడుగులు, 30.48 మీటర్లు.
ఫర్లాంగు: 10 గంటర్ గొలుసులు, 201.168 మీటర్లు.
మైలు, బాటు: 80 గంటర్ గొలుసులు, 1,609.344 మీటర్లు.
భౌగోళిక మైలు: సుమారు 1,855 మీటర్లు.
ఎకరము: సుమారు 4,047 చదరపు మీటర్లు.
ఓర్లాంగు: సుమారు 5,351 చదరపు మీటర్లు.
రెలోంగు: సుమారు 2,878 చదరపు మీటర్లు.

వైశాల్యమును మార్చునప్పుడు పొడవు లెక్కను ఒక్కసారి గాక రెండుసార్లు గుణింపవలెనని పిల్లలకు జ్ఞాపకము చేయవలెను. అడుగు 0.3048 మీటరు, చదరపు అడుగు 0.3048 చదరపు మీటరు కాదు, 0.0929 మాత్రమే. పాఠశాలలలో ఎక్కువ తప్పులు వచ్చునది ఇక్కడనే.

తాత తోటలో పది గొలుసుల కాలువ త్రవ్వెనని ఇంట చెప్పుకొనునప్పుడు, ఆ గొలుసు ఏదని పిల్లవాడు అడిగినచో పెద్దలు విసుగుకొనరాదు. అది అధిక ప్రసంగము కాదు. లాంబ్టన్ గొలుసునొద్ద ఉష్ణమాపకమునుంచి అడిగినదియు ఆ ప్రశ్నయే. మూడు దేశముల పటములవారు ఒక్కటిగా ఉత్తరము చెప్పలేకపోయినదియు ఆ ప్రశ్నకే. సంఖ్యను నమ్ముటకు ముందు కొలకర్ర యెవరిదని అడుగ నేర్చినవానిని మోసగించుట కష్టము.